చెడిన లెక్కల నకలును తిరిగి నిలుపుకొనుట

పూర్వము సంఘపు లెక్కలు రెండు పుస్తకములలో నుండెడివి. ఏనాటి జమాఖర్చు ఆనాడు చిట్టాలో వరుసగా వ్రాసి, పిమ్మట పేరుపేరున ఆవర్జాలో ఎక్కించెడివారు. ఆవర్జాను చెదలు తినినను, చిట్టా మిగిలియున్నచో గుమాస్తా దానిని మరల వ్రాయగలిగెడివాడు. కంప్యూటరులోని డేటాబేసును ఇట్టిదే. ప్రతి మార్పును ముందుగా లాగు అను చిట్టాలో వ్రాసికొని, తరువాతనే పట్టికలలో ఎక్కించును. ఈ సంగతి మనస్సున నిలిచినచో తక్కిన పాఠము కష్టము కాదు.

2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణమునకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అయినను సంఘపు గదిలోని యంత్రమునందుంచుకొనిన పాత బాకీలు, ఎరువుల నిలువలు, ధాన్యపు పుట్ల లెక్కలు చెడినచో బాధ్యత సంఘముదే. మూడు లక్షలలోపు పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోగా తీర్చిన రైతునకు 3 తగ్గి 4 మాత్రమే పడును. లక్ష రూపాయలు సకాలమున చెల్లించినవాని పద్దు మాయమైనచో, ఏడాదికి 3,000 రూపాయలు పోవుటయే గాక వాని పేరు మొండిబాకీదారుల సరసన చేరును.

అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతములలో ఉప్పుగాలికి యంత్రముల లోహభాగములు త్రుప్పు పట్టుట అందరెరిగినదే. తుపాను దినములలో విద్యుత్తు వచ్చుచు పోవుచుండును. వ్రాయుచుండగా విద్యుత్తు పోయినచో ఒక పుట సగము క్రొత్తది, సగము పాతదిగా మిగులవచ్చును. డేటాబేసు పనిచేయుచుండగా దాని ఫైళ్లను ఊరక నకలు తీసినను ఇదే చేటు. నకలు సర్వరున్నదని నిశ్చింతగా నుండరాదు. అసలులో పొరపాటున తుడిచిన పద్దు క్షణములో అచ్చటను తుడిచికొనిపోవును.

2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఉద్యోగి, రెండవ సర్వరును సరిచేయుచున్నాననుకొని అసలు సర్వరులోని డేటాబేసును తుడిచివేసెను. దినదినము తీయవలసిన నకళ్లు తయారగుటయే లేదని అప్పుడు తెలిసెను. నకలు తీయు పరికరము డేటాబేసుకంటె పాత కూర్పుది. పని విఫలమైనదని తెలుపు ఉత్తరములును ఎవరికి చేరలేదు. వేరొక పనికై సుమారు ఆరు గంటల ముందు తీసిన నకలు వారిని గట్టెక్కించెను. ఆ ఆరు గంటల పద్దులు మాత్రము పోయినవి.

కనుక నకలు చెడినదని తెలిసిన తక్షణమే రాత్రి జరుగు నకలు పనిని ఆపవలయును. లేనిచో చెడినది పోయి మంచిదానిపై పడును. పద్దులు వ్రాయుట నిలిపి, వరుస సంఖ్యగల రశీదులతో కాగితముపై చిట్టా నడుపవలయును. చెడిన డిస్కును మొత్తముగా మరియొక డిస్కునకు నకలు చేసి, పనియంతయు ఆ నకలుపైననే చేయుట క్షేమము. బాగుచేయు ఆజ్ఞ యొకటి కలదుగదా యని తొందరపడువారు గలరు. ఎస్‌క్యూఎల్ సర్వరులో అట్టి ఆజ్ఞ పేరే ‘రిపేర్ అలౌ డేటా లాస్’, అనగా సమాచారము పోయినను సరే బాగుచేయుమని. అది చిట్టచివరి మందు. ఒక్కొక్కప్పుడు చెడినది సూచికయే కావచ్చును. పుస్తకము చివరి పేర్ల పట్టిక చినిగినట్లే యెంచి, పట్టికలనుండి దానిని మరల కట్టుకొనవచ్చును.

పట్టికలే చెడినచో పాత నకళ్లను ఒకటొకటిగా వేరొక కంప్యూటరులో నిలిపి పరీక్షింపవలయును. ఆదివారపు నకలు మంచిది, బుధవారము మధ్యాహ్నము చెడినదనుకొందము. ఆదివారపు నకలును నిలిపి, నాటినుండి బుధవారపు ఉదయమువరకు గల లాగును దానిపై నడిపించిన పద్దులు తిరిగి వచ్చును. పొరపాటున తుడిచినదైనచో ఆ ఘడియకు ముందే ఆపవలయును. లాగు అందని గంటల పద్దులను ఓచర్లనుండి, రశీదుల అడుగుకాగితములనుండి మరల ఎక్కించుటయే గతి.

ఒక నకలు దూరపు ఊరిలో నుంచుట మంచిది. 2021 నవంబరు పెన్న వరదలో పడుగుపాడువద్ద రైలు మార్గమును జాతీయ రహదారియు దెబ్బతినినవి. సంఘమునకు నెల్లూరే దూరమనుకొనుట చాలదు.

నిలిపిన పిదప చేతినున్న రొక్కము, మొత్తము బాకీలు కేంద్ర బ్యాంకు లెక్కతో సరిచూడవలయును. మొత్తములు కలిసినను పని ముగియలేదు. ఇద్దరు పెంచలయ్యలున్న గ్రామమున ఒకని చెల్లింపు మరియొకని పేర పడినను మొత్తము మారదు. అందుచే గ్రామము వెంట గ్రామముగా సభ్యులను పాసుపుస్తకములతో, రశీదులతో రప్పించి, తేడా కనబడిన ప్రతి పద్దును పాత అంకె, క్రొత్త అంకెలతో పాలకవర్గపు తీర్మాన పుస్తకమున వ్రాయింపవలయును. చెడిన డిస్కును ఆ సంవత్సరపు ఆడిటు ముగియువరకు బీరువాలో భద్రపరుపవలయును.