చేతులు తిమ్మిరెక్కితే ఓర్చుకోవాలా?

శ్రీశైలం ఘాట్ దాటి టీ కొట్టు దగ్గర బండి ఆపావు. హెల్మెట్ బకిల్ తీద్దామంటే వేళ్లు మాట వినడం లేదు. అప్పుడేమనుకుంటావో నాకు తెలుసు. "నాకే అలవాటు లేదు, ఇంకో నాలుగు ట్రిప్పులు తిరిగితే అదే సర్దుకుంటుంది" అనేగా? మనందరికీ ఉన్న జబ్బే ఇది. చెప్పులు కరిస్తే చెప్పులు మారుస్తాం, బండి కరిస్తే మాత్రం మనల్ని మనమే తిట్టుకుంటాం.

ఆ హ్యాండిల్ నీ కొలతలు తీసుకుని చేసింది కాదమ్మా. అయిదడుగుల అమ్మాయైనా ఆరడుగుల అబ్బాయైనా కంపెనీ పెట్టిన ఆ ఒక్క ఎత్తుకే చేతులు చాచాలి. హ్యాండిల్ మారితే ఎంత తేడా వస్తుందో చూడాలంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ షోరూమ్‌కి వెళ్లి ఇంటర్‌సెప్టర్ మీద ఒకసారి, కాంటినెంటల్ జీటీ మీద ఒకసారి కూర్చో. రెండింటిదీ అదే 650 ఇంజిన్. మొదటిదాని మీద నిటారుగా కూర్చుంటాం, రెండోదాని మీద ట్యాంకు మీదికి వంగిపోతాం.

నొప్పి ఎక్కడ పుడుతోందో ముందు చూసుకుందాం. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతున్నాయంటే అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం నలుగుతోందేమో. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలైతే మణికట్టు మధ్యలోంచి వచ్చే మీడియన్ నరం. మెడా భుజాలూ పట్టేస్తున్నాయా? హ్యాండిల్ దూరమైందనో, మరీ కిందికి ఉందనో అనుమానించాలి. బండి దిగిన మర్నాటికి కూడా తిమ్మిరి వదలకపోతే మెకానిక్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఇందులో బేరాల్లేవు.

ఇక కొత్త హ్యాండిల్ కొనేద్దామని ఫోన్ తీశావా? పక్కన పెట్టు. ముందు పైసా ఖర్చు లేని పని చేద్దాం. బండిని మెయిన్ స్టాండ్ వేసి, ఎప్పుడూ కూర్చునేలా కూర్చుని కళ్లు మూసుకో. భుజాలు వదులు చేసి, మోచేతులు కాస్త వంచి చేతులు ముందుకు చాపు. ఇప్పుడు కళ్లు తెరువు. చేతులు గ్రిప్పుల మీద ఉన్నాయా, ఇవతలే ఆగిపోయాయా? కొంచెమే తేడా అయితే హ్యాండిల్‌ని పట్టి ఉంచే క్లాంపు బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ని ఓ పిసరు నీ వైపు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పావంటే గ్రిప్పులు కిందికి వాలి మణికట్టు మెలికపడుతుంది. క్లచ్, బ్రేక్ లివర్లు కూడా ముంజేతికి తిన్నగా ఉండేలా సర్దుకో. చాలామంది బాధ అక్కడితోనే తీరిపోతుంది.

తీరలేదా? అప్పుడు రైజర్లు. హ్యాండిల్ కింద పెట్టే దిమ్మల్లాంటివి. కొన్ని ఎత్తు మాత్రమే పెంచుతాయి, కొన్ని ఎత్తుతో పాటు వెనక్కీ జరుపుతాయి. పొట్టి చేతులకి రెండో రకమే సుఖం. అవీ చాలకపోతేనే కొత్త హ్యాండిల్. కొనేముందు పాతదాన్ని కొలుచుకో: ఎత్తు, వెడల్పు, వెనక్కి వచ్చే వంపు. రాడ్డు లావు కూడా చూడాలి. మన దగ్గర చాలా బండ్లకి 22 మిల్లీమీటర్లు. పెద్ద అడ్వెంచర్ బండ్లలో కొన్నిటికి క్లాంపు దగ్గర 28.6 ఉంటుంది. చాలా హార్లేలకి 25.4. లావు తేడా వస్తే క్లాంపు పట్టదు, గ్రిప్పు ఎక్కదు.

మరీ ఎత్తుదానికి ఆశపడకు. హైవే మీద ఎనభై, తొంభైలో వెళ్తుంటే గాలి తిన్నగా గుండెకి కొడుతుంది, పడిపోకుండా హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. వెడల్పాటిది అరకు మలుపుల్లో హాయిగా తిరుగుతుంది గానీ, కోఠి ట్రాఫిక్‌లో రెండు ఆటోల మధ్య ఇరుక్కుంటుంది. నీ తిరుగుడు ఎక్కడో నీకే తెలియాలి.

బిగించే రోజు తొందరపడకు, మెకానిక్‌ని తొందరపెట్టనివ్వకు. విప్పకముందే ఏ వైరు ఎటు నుంచి వెళ్తోందో ఫొటోలు తీసుకో. ట్యాంకు మీద పాత దుప్పటి కప్పు. బ్రేక్ ఆయిల్ చుక్క పడినా పెయింటు లేచిపోతుంది, పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్. ఆ ఆయిల్ డబ్బాని తలకిందులు కానివ్వకుండా నిలువుగా కట్టి ఉంచమను, లేదంటే లోపలికి గాలి దూరి బ్రేకు మెత్తబడుతుంది. స్విచ్చుల డబ్బా లోపల బుల్లి పిన్ను ఉంటే కొత్త రాడ్డుకి దానికి సరిపడా రంధ్రం ఉండాలి. "ఆ పిన్ను కోసేద్దాం మేడమ్, ఏం కాదు" అంటారు. ఒప్పుకోవద్దు. పిన్ను లేకపోతే ఆ డబ్బా రాడ్డు మీద తిరిగిపోవచ్చు.

అసలు ప్రాణం వైర్లలో ఉంది. హ్యాండిల్ ఎత్తు పెరిగితే క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, బ్రేక్ పైపు చాలకపోవచ్చు. లాగి సరిపెట్టడం కాదు, పొడుగువి వేయించు. బ్రేక్ పైపు మారిస్తే గాలి పూర్తిగా తీయించాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి, నీ బండికీ అది ఉండే ఉంటుంది. ఏబీఎస్ ఉన్న బ్రేకులో గాలి తీయడం తెలిసినవాళ్ల చేతే ఆ పని చేయించు. క్లాంపు బోల్టుల్లో ఏది ముందు, ఎంత బిగువు అన్నది సర్వీస్ మాన్యువల్ చూసే బిగించాలి.

అంతా అయ్యాక బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా హ్యాండిల్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పు. ఇంజిన్ చప్పుడు పెరిగిందా? యాక్సిలరేటర్ వైరు లాగుతోందన్నమాట, బండి అక్కణ్నుంచి కదలకూడదు. యాక్సిలరేటర్ గ్రిప్పు తిప్పి వదలగానే తనంతట తను వెనక్కి రావాలి. ట్యాంకు బ్యాగు పెట్టి ఒకసారి, హ్యాండ్‌గార్డులు ఉంటే వాటితో ఒకసారి తిప్పి చూడు. ఘాట్ రోడ్డు యూ మలుపులో బ్యాగు అడ్డం పడితే మన గతేంటి? తర్వాత కాలనీ గ్రౌండ్‌లో మెల్లగా ఎనిమిదులు కొట్టు. నాలుగు రోజులు తిరిగాక బోల్టులు మళ్లీ చూసుకో.

పోలీసుల భయమా? ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. హ్యాండిల్ కొలత ఆర్‌సీలో ఉండదు కానీ, తల పైదాకా లేచే కొమ్ములు పెట్టుకుని చెక్‌పోస్టులో వాదించే ఓపిక మనకెందుకు? వారంటీ పోతుందేమో షోరూమ్‌లో అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకి ఓ మాట రాసి పంపు.

పాత హ్యాండిల్‌ని మాత్రం పాత ఇనుము వాడికి వేసెయ్యకు. గుడ్డ చుట్టి అటక మీద పెట్టు, బోల్టులు కూడా ఓ కవర్లో వేసి దానికే కట్టు. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముందు అడిగేది అదే.