వాక్యం బస్టాపు దాటాలి

ఆదివారం ఆరాధన ముగిశాక నారాయణగూడలో చర్చి మెట్లు దిగుతూ చాలామంది అనే మాట: "ఇవాళ వాక్యం నాతోనే మాట్లాడింది." ఆ మాటలో అబద్ధం లేదు. కళ్లు తడిసి ఉంటాయి కూడా. కానీ బస్సెక్కి చిక్కడపల్లి చేరేసరికి ఆ తడి ఆరిపోతుంది. ఏళ్ల తరబడి నాకూ అంతే.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే రోజుల్లో మెస్సు బిల్లుకని రూమ్మేటు దగ్గర ఎనిమిది వందలు తీసుకుని ఎగ్గొట్టాను. అతను గది మారాడు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కనిపిస్తే నేను పక్క వరసలోకి తప్పుకునేవాణ్ణి. ఒక ఆదివారం జక్కయ్య గురించి ప్రసంగం విన్నాను. చెట్టు దిగిన ఆ సుంకరి ఏడ్చాడని లూకా రాయలేదు. లెక్క చెప్పాడని రాశాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఆ లెక్క నాకు గుచ్చుకుంది. గదికి వెళ్తే మనసు మారుతుందని తెలుసు. అట్నుంచటే అతని దగ్గరికి నడిచాను. తలుపు తీశాడు, చేతిలో పాలిటీ పుస్తకం, చదువుతున్న పేజీలో వేలు. "ఈ డబ్బు నీదిరా, క్షమించు" అన్నాను. నోరు ఎండిపోయింది. అతను డబ్బు లెక్కపెట్టలేదు. "పద, టీ తాగుదాం" అన్నాడు.

ఇలా చేస్తే రక్షణ వస్తుందని నేననడం లేదు. అది కృప. ఆ కృప లోపలికి వస్తే కాళ్లు కదులుతాయి, అంతే.

గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గరి హెబ్రోను మందిరం తెలియని విశ్వాసి ఈ చుట్టుపక్కల అరుదు. దాన్ని స్థాపించిన బక్త్ సింగ్ గారివీ అలా కదిలిన కాళ్లే. ఆయన సిక్కు కుటుంబంలో పుట్టిన పంజాబీ. కుర్రతనంలో బహుమతిగా వచ్చిన బైబిలును చించేసి, తోలు అట్ట బాగుందని అది మాత్రం దాచుకున్నారు. 1929లో కెనడాలో ఇంజనీరింగ్ చదువుతూ కొత్త నిబంధన చదివి లొంగిపోయారు. 1932లో బాప్తిస్మం తీసుకున్నారు. 1933లో బొంబాయిలో కలిసిన తల్లిదండ్రులు విశ్వాసాన్ని రహస్యంగా ఉంచుకోమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇల్లు దూరమైంది. ఉద్యోగం చూసుకోకుండా వీధుల్లో సువార్త చెప్పారు. 2000 సెప్టెంబర్ 17న కన్నుమూశారు. ఆయన సమాధి నారాయణగూడలోనే ఉంది.

అందరూ పుస్తకాలు మూసేసి బయల్దేరాలని కాదు. పరీక్ష రాయండి, బాగా రాయండి. కానీ "ఉద్యోగం వచ్చాక దేవుడికి సమర్పించుకుంటాను" అనే మాట మాత్రం వద్దు. ఉద్యోగం వచ్చాక ఇల్లు, ఇల్లయ్యాక పిల్లల ఫీజులు, ఆ వరసకు అంతు లేదు. ఆదివారం వాక్యం వింటున్నప్పుడు ఒక మనిషి ముఖం గుర్తొస్తుంది చూడండి, మాటలు మానేసిన అన్నో, బాకీపడ్డ స్నేహితుడో. ఆ పేరు బైబిలు వెనక పేజీలో రాసుకోండి. అదే రోజు, అన్నానికి కూర్చోకముందే ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి.