ముందు బ్రేకు, తర్వాతే ఇంజిన్

ముందు ఒక్క పని చేయండి. సెల్లార్‌లో ఆగిపోయిన మీ పాత కారు ఆర్సీ బయటికి తీయండి. రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో చూడండి.

గుండె గుభేలుమందా? మంచిదే. పని మొదలైనట్టే.

హైదరాబాద్‌లో గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో ఏ సెల్లార్‌లోకి దిగినా మూలన ఓ కారు కవరు కప్పుకుని ఉంటుంది. ఫియట్ పాలియో 1.6 కావచ్చు. పాత హోండా సిటీ వీటెక్ కావచ్చు. 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అయితే మీరు అదృష్టవంతులు. ఫైబర్ బాడీ, రెండే సీట్లు, రెనో 1.2 లీటర్ ఇంజిన్‌తో మన దేశంలోనే తయారైన శాన్ స్టార్మ్ అయితే మరీ అదృష్టవంతులు. ‘నాలుగు డోర్ల సిటీ కూడా స్పోర్ట్స్ కారేనా?’ అని ముక్కు విరిచేవాళ్లు ఉంటారు. విరవనివ్వండి. ఆ రోజుల్లో 106 హార్స్‌పవర్ అంటే ఏమిటో దాన్ని నడిపినవాళ్లకే తెలుసు.

అంత ఇష్టపడి కొన్న కారు ఎందుకు ఆగింది? పాతదయ్యిందనా? కానే కాదు. పెళ్లి, పిల్లలు, ఎస్‌యూవీ, మధ్యలో రెండేళ్లు డాలస్. ‘తీరిక దొరికాక మొత్తం ఒకేసారి చేయిద్దాం’ అని మీరు ఎప్పుడనుకున్నారో అప్పుడే బండి ఆగింది. ఆ తీరిక రాదు. రాదని మీకూ తెలుసు.

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చారు. కారు చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. అది పెద్దగా తిరగకుండా ఉండిపోయిందంటే అర్థముంది. మీరు నిక్షేపంలా ఉన్నారు కదా! మీ కారుకేం వచ్చింది?

ఆఫీసులో ఎంత పెద్ద ప్రాజెక్టునైనా స్ప్రింట్లుగా విడగొడతారు. ఇక్కడా అంతే. ఒకసారికి ఒక్క సిస్టమ్. అది పూర్తయ్యేదాకా రెండోది ముట్టుకోవద్దు. ఆగిపోయిన కార్లలో చాలావాటి కథ ఒకటే. ఇంజిన్ సగం విప్పారు, సీట్లు ఊడదీశారు, పెయింట్‌కి అడ్వాన్స్ ఇచ్చారు. ఏదీ పూర్తి కాలేదు.

కాగితాలతో మొదలుపెట్టండి

ఇది బోరు కొట్టే భాగం. అందుకే ముందు ముగించాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత రెన్యువల్ చేసిన ప్రతిసారీ ఐదేళ్లు. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్ల గొడవ విని కంగారు పడకండి, అది ఢిల్లీ-ఎన్‌సీఆర్ గొడవ. ఇక్కడ బండి ఫిట్‌గా ఉంటే రెన్యువల్ అవుతుంది.

ఆలస్యానికి మాత్రం రేటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. గడువు దాటితే నెలకు 500 అదనం. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు ఫీజును 10,000 చేశారు, ఇంపోర్టెడ్ కారైతే 80,000. దీనికి గ్రీన్ ట్యాక్స్ తోడు. వాయిదా ఉచితం అనుకునేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

చేయాల్సినవి ఇవి:

– ఫారం 25 నింపి రెన్యువల్‌కి స్లాట్ బుక్ చేయండి. బండి సిద్ధమయ్యే తేదీ చూసుకుని మరీ బుక్ చేయండి.
– ఆర్సీలో ఇంకా బ్యాంకు పేరుందా? లోన్ ఎప్పుడో తీరిపోయినా చాలామంది ఆ పేరు తీయించరు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆ ముడి ఇప్పుడే విప్పండి.
– పాత చలాన్లు కట్టేయండి.
– ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. థర్డ్ పార్టీ పాలసీ అయినా లేకుండా గేటు దాటొద్దు.

రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండిని ‘కొండాపూర్ ఆర్టీఏ దాకే కదా’ అని నడుపుకుంటూ వెళ్లకండి. ఫ్లాట్‌బెడ్ మీద తీసుకెళ్లండి. బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు ధీమాగా నిలబడతారు.

సెల్ఫ్ కొట్టకండి

కవరు తీయగానే చెయ్యి తాళం మీదికి పోతుంది. ఆపుకోండి. ‘ఒక్కసారి స్టార్ట్ అయితే చాలు’ అనే తొందరలో బాగున్న ఇంజిన్లు పాడవుతాయి.

అసలు స్టార్ట్ చేయడం గురించి ఇప్పుడు ఆలోచించనే వద్దు. మొదట ఆగడం గురించి ఆలోచించండి. కదలని కారుతో ఎవరికీ ప్రమాదం లేదు. కదిలి, ఆగని కారుతోనే ప్రమాదం.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి పీల్చిన ఆయిల్ వేడెక్కితే అందులోని నీరు ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా నేలకు అంటుకుంటుంది. పాత ఆయిల్ మొత్తం తీసేసి, కొత్తది పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ లైన్లలోని గాలి తీయించండి. క్యాలిపర్లు పట్టేసి ఉంటాయి, విప్పి శుభ్రం చేయించండి. రబ్బరు గొట్టాలు పగిలి ఉంటే బేరమాడకుండా మార్చండి.

తర్వాత టైర్లు. పక్కన డాట్ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3514 అని ఉంటే 2014లో 35వ వారం తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా పదేళ్ల టైరు పదేళ్ల టైరే. రబ్బరు గట్టిపడిపోయింది, వానలో పట్టదు. ‘ఇంకా కొత్తగానే ఉన్నాయి కదా సార్’ అనే మాటకు లొంగకండి.

బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, సస్పెన్షన్ బుష్‌లు. ఈ నాలుగూ అయ్యాకే బానెట్ వైపు నడవండి.

ఇప్పుడు ఇంజిన్

బానెట్ ఎత్తగానే ఎలుకల జాడ వెతకండి. సెంట్రల్ యూనివర్సిటీ వైపు పొదలు, రాళ్లగుట్టలు ఉన్నచోట అవి ఉండకపోతేనే వింత. కొరికిన వైర్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు. ఇవి చూడకుండా బ్యాటరీ కనెక్ట్ చేస్తే షార్ట్ అవుతుంది.

ఆపై ఈ వరుస తప్పొద్దు. పాత పెట్రోల్ మొత్తం తీసేయండి. స్పార్క్ ప్లగ్‌లు విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ వేసి, కొంతసేపు వదిలేయండి. క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పించండి. తిరిగిందా? సగం గెలిచారు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ మార్చండి.

టైమింగ్ బెల్ట్ దగ్గర పిసినారితనం పనికిరాదు. పాలియో 1.6, సిటీ వీటెక్, ఆక్టేవియా ఆర్‌ఎస్ మూడింటిలోనూ ఉన్నది బెల్టే. మీటర్‌లో కిలోమీటర్లు తక్కువే ఉన్నా ఏళ్లు గడిస్తే అది పాతబడుతుంది. ఆక్టేవియా లాంటి ఇంజిన్‌లో బెల్ట్ తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. బెల్ట్ ఖర్చు చూసి వెనకాడినవాళ్లు ఇంజిన్ ఖర్చు భరిస్తారు.

ఇంకోటి. మీరు కారు ఆపిన రోజుల్లో దొరికిన పెట్రోల్ వేరు, ఇప్పుడు బంకులో పోసేది వేరు. ఇప్పటి మామూలు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు ఫ్యూయల్ గొట్టాలు, సీళ్లు దానికోసం తయారైనవి కావు. మెత్తబడి కారతాయి. పైగా ఇథనాల్ నీటిని పీలుస్తుంది, రేకు ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది, అడుగున పేరుకున్న మురికిని కదిపి ఫిల్టర్‌కు అడ్డం వేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు అడిగి మరీ వేయించండి. ఫ్యూయల్ ఫిల్టర్ ఇప్పుడొకటి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మరొకటి మార్చండి.

మెకానిక్ దగ్గర మీరెవరు?

చాలా పాత కార్లు ఇక్కడే రెండోసారి చచ్చిపోతాయి.

షెడ్డులో వదిలేసి వెళ్లిన బండి షెడ్డులోనే ఉంటుంది. ఫోన్ చేస్తే ‘అయిపోతుంది సార్, సామాను రావాలి’ అంటారు. తప్పు మెకానిక్‌ది మాత్రమే కాదు. రోజూ వచ్చి నిలబడే కస్టమర్ల బండ్లు పక్కనే ఉంటాయి మరి. మీరూ వెళ్లండి. వారంలో ఒక రోజు, ఒకే టైమ్‌కి. పది నిమిషాలు చాలు. టీ తాగండి. ‘అన్నా, ఈ వారం ఏం విప్పారు, చూపించండి’ అని అడగండి. అనుమానంతో వద్దు, ఆసక్తితో అడగండి. పాత మోడల్ మీద చెయ్యి తిరిగిన మనిషికి తన పని అర్థం చేసుకునేవాళ్లు దొరకడం అరుదు. మీరు అలాంటివాళ్లు అయితే మీ బండి ముందుకు జరుగుతుంది.

డబ్బు పనికింతని ఇవ్వండి. బ్రేకుల పని అయ్యాక బ్రేకుల డబ్బు. మార్చిన పాత పార్టులు వెనక్కి అడిగి తీసుకోండి. పార్టు దొరకలేదంటే పాతది చేత్తో పట్టుకుని పుత్లీబౌలి, రాణీగంజ్ మీరే తిరగండి. ఫొటో కన్నా పార్టు చూపిస్తేనే కౌంటర్ వెనకాయన మాట కలుపుతాడు. అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్ ఉంది.

ఇంట్లో కూడా చెప్పండి. ఎంత అవుతుందో, ఎక్కడ ఆపేస్తారో, ముందే. దాచిపెట్టి చేసే హాబీ ఎప్పుడూ గొడవతోనే ముగుస్తుంది. ఒక అంకె రాసుకోండి. అది దాటితే మళ్లీ కూర్చుని మాట్లాడుకోండి.

లిఫ్ట్ మీద ఎత్తినప్పుడు కింద ఛాసిస్‌ను తుప్పు తినేసి ఉంటే? పట్టుదల అక్కర్లేదు. అధీకృత స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. రిపేర్‌కు అనుకున్న డబ్బుతో బాగున్న ఇంకో బండి వెతకండి. పాడైన పాలియో మీద ఏళ్లు పోయడం కన్నా అది తెలివైన పని, ఎవరేమన్నా సరే.

మొదటి రైడ్

బండి సిద్ధమైంది, కాగితాలు చేతికొచ్చాయి. ఎగిరి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి!

మొదట కమ్యూనిటీ లోపలే చుట్టూ తిప్పండి. నెమ్మదిగా బ్రేక్ వేయండి. ఏదైనా ఒక పక్కకు లాగుతోందా? టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగింది? పెట్రోల్ వాసన వస్తోందా? అన్నీ సరిగా ఉంటే ఆదివారం పొద్దున ఆరింటికి గౌలిదొడ్డి వైపు నుంచి గోపన్‌పల్లి తండా ఫ్లైఓవర్ ఎక్కండి. 2024 జూలైలో తెరిచారు, ఒక చేయి నల్లగండ్లకు, ఇంకోటి తెల్లాపూర్‌కు దిగుతుంది. ట్రాఫిక్ లేని వేళ పాత ఇంజిన్ చప్పుడు వినడానికి చక్కటి చోటు. మ్యూజిక్ సిస్టమ్ ఆఫ్ చేయండి, కిటికీలు దించండి.

ఇంటికొచ్చాక వీల్ బోల్టులు మళ్లీ బిగించండి. కింద ఏమైనా కారిందేమో చూడండి. ఆ తర్వాత వారానికొకసారి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపడం అలవాటు చేసుకోండి. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. లోపల చేరిన తేమ అలాగే ఉండిపోతుంది. పని పెట్టుకుని వెళ్లండి. కూరగాయలకైనా సరే ఈ కారులోనే.

కొన్ని వారాలు ఇబ్బంది లేకుండా తిరిగాక కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కండి. కుడివైపు లేన్లలో పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. మీ కారు అంతకన్నా వేగంగా వెళ్లగలదని మాకు తెలుసు, కెమెరాకు మాత్రం చెప్పకండి.