పాత కారు – పొదుపు లెక్క

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అని మనవారి సామెత. వస్తువు పాతబడగానే దానిని విడిచి క్రొత్తదానికై పరుగెత్తువారిని గూర్చి పుట్టిన మాట యిది. అట్లని పాతదానిని పట్టుకొనియుండుట యెల్లప్పుడును పొదుపగునా? లెక్క వేసి చూతము.

మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి బొగ్గుగనులకు పేరొందిన పట్టణము. అచ్చట ఒక గృహస్థునకు తండ్రినాటి అంబాసిడరు కారు కలదనుకొందము. క్రొత్త కారు కొనకుండుటయే లాభమని అతని తలంపు. ఇందు కొంత నిజము లేకపోలేదు. క్రొత్త కారు కొన్న మొదటి కొలది సంవత్సరములలోనే దాని వెల మిక్కిలి తగ్గిపోవును. పాత కారునకు ఆ నష్టము ఇదివరకే జరిగిపోయినది. కాని కారును నిలుపుకొనుట వేరు, నడుపుకొనుట వేరు.

లెక్క సులభమగుటకై, లీటరు పెట్రోలుతో పాత కారు 10 కిలోమీటర్లు, క్రొత్తది 20 కిలోమీటర్లు నడచుననియు, లీటరు వెల 100 రూపాయలనియు అనుకొందము. క్రొత్త కారు వెల 6 లక్షలు. అది 12 సంవత్సరములు నడచినచో ఏడాదికి 50,000 రూపాయలు పడును.

బెల్లంపల్లి నుండి మంచిర్యాలకు సుమారు 20 కిలోమీటర్లు, పోయివచ్చుటకు 40. ఆ గృహస్థుడు వారమునకొకసారి చొప్పున ఏడాదికి 50 మారులు పోయివచ్చినచో 2,000 కిలోమీటర్లగును. పాత కారునకు 200 లీటర్లు, క్రొత్తదానికి 100 లీటర్లు కావలెను. భేదము 10,000 రూపాయలు. దీనిని 50,000 నుండి తీసివేయగా 40,000 మిగులును. ఏడాది మరమ్మతులు ఆ మొత్తమునకు లోబడినంతకాలము పాత కారే పొదుపు.

అతడే ఉద్యోగమునకై ఏడాదికి 300 దినములు పోయివచ్చినచో 12,000 కిలోమీటర్లగును. అప్పుడు భేదము 600 లీటర్లు, అనగా 60,000 రూపాయలు. ఒక్క మరమ్మతు లేకున్నను పాత కారు నష్టమే. కారు అదియే, దారి అదియే. వాడుక మారగా ఫలితము తారుమారైనది.

కంటికి కనబడని ఖర్చులు మరికొన్ని కలవు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. కావున విడిభాగములకై వెదకవలసి వచ్చును. సొంత కారునకు 15 సంవత్సరములు నిండిన పిదప రిజిస్ట్రేషనును ఐదేండ్లకొకసారి పునరుద్ధరింపవలెను. దానికి 600 రూపాయలుగా నుండిన రుసుము 2022లో 5,000 రూపాయలైనది. కారును నమ్ముకొని బ్రతుకు డ్రైవరునకైతే, అది మెకానిక్కు షెడ్డులో నున్న ప్రతి దినమును కూలి పోయిన దినమే. క్రొత్త కారును అప్పు చేసి కొన్నచో వడ్డీని గూడ ఆ వైపున వ్రాయుట న్యాయము.

ఒక్క విషయము మాత్రము లెక్కకు లొంగదు. అంబాసిడరు వంటి పాత కార్లలో ప్రమాదవేళ ప్రాణము కాపాడు ఎయిర్‌బ్యాగులు లేవు. బ్రేకులు సడలిన కారుతో బొగ్గు లారీలు తిరుగు దారిని పోవుట పొదుపనిపించుకొనదు.

విద్యార్థులారా! మీ యింట కారు లేకపోవచ్చును. సైకిలో, కుట్టుమిషనో, పొలములోని మోటారో ఉండును. దానికైన ఖర్చును ఒక పుస్తకమున ఏడాదిపాటు వ్రాసి చూడుడు. ఉంచుకొనవలెనో, మార్చవలెనో ఆ పుస్తకమే తెలుపును.