లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై, సౌండ్, డిస్‌ప్లే సమస్యా? ఫార్మాట్ కొట్టే ముందు ఈ వరుసలో చెక్ చేయండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల లిస్ట్‌లో ఉండాలి. దాంతో పాత ల్యాప్‌టాప్ ఉన్న స్టూడెంట్స్ చాలామంది ఉబుంటు, లైనక్స్ మింట్ వైపు వస్తున్నారు. మంచిదే. కానీ ఇన్‌స్టాల్ అయిన మొదటి రోజే వైఫై కనిపించదు, లేదంటే సౌండ్ రాదు, లేదంటే లాగిన్ తర్వాత నల్ల స్క్రీన్. అప్పుడు చేసే పని ఏంటి? షాప్‌కి తీసుకెళ్తే డబ్బులు తీసుకుని ఫార్మాట్ కొట్టి ఇచ్చేస్తారు. అందులో ఉన్న ప్రాజెక్ట్, ఫొటోలు పోతే పోయినట్టే.

ఈ సమస్యల్లో ఎక్కువ శాతానికి ఫార్మాట్ అవసరమే లేదు. కావాల్సింది ఒక వరుస. ఆ వరుసనే ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఉదాహరణలు ఉబుంటు 24.04కి చెప్తున్నా, మింట్‌లో కూడా దాదాపు ఇంతే.

చిన్న గమనిక: కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తవుతుంది, స్పెల్లింగ్ టెన్షన్ ఉండదు.

ముందు నాలుగు అంతస్తులు గుర్తుపెట్టుకోండి

ఏ సమస్య అయినా ఈ నాలుగింటిలో ఒక చోటే ఉంటుంది.

1. హార్డ్‌వేర్: చిప్ అసలు సిస్టమ్‌కి కనిపిస్తోందా?
2. డ్రైవర్, ఫర్మ్‌వేర్: కర్నెల్ ఆ చిప్‌తో మాట్లాడుతోందా?
3. సర్వీస్: సౌండ్‌కి పైప్‌వైర్, వైఫైకి నెట్‌వర్క్ మేనేజర్ లాంటివి నడుస్తున్నాయా?
4. యాప్, సెట్టింగ్: బ్రౌజర్ సరైన మైక్‌నే ఎంచుకుందా?

కింది నుంచి పైకి చెక్ చేసుకుంటూ రండి. కింది అంతస్తులో లోపం ఉంటే పైన ఎన్ని సెట్టింగ్స్ మార్చినా లాభం లేదు.

విండోస్‌లో డ్రైవర్ అంటే తయారీ కంపెనీ సైట్‌కి వెళ్లి డౌన్‌లోడ్ చేసే ఫైల్. లైనక్స్‌లో అలా కాదు. చాలా డ్రైవర్లు కర్నెల్‌తోనే వస్తాయి. అయితే కొన్ని చిప్‌లకి డ్రైవర్ ఒక్కటే చాలదు. ఆన్ అయినప్పుడు చిప్‌లోకి లోడ్ చేయాల్సిన చిన్న ప్రోగ్రామ్ కూడా ఉంటుంది, దాన్నే ఫర్మ్‌వేర్ అంటాం. డ్రైవర్ ఉండి ఫర్మ్‌వేర్ ఫైల్ లేకపోతే చిప్ కనిపిస్తుంది కానీ పనిచేయదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

వైఫై కనిపించట్లేదు

స్టెప్ 1: టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’ కొట్టండి. లోపలున్న పరికరాల లిస్ట్ వస్తుంది. నెట్‌వర్క్ కంట్రోలర్ దగ్గర ‘కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైన్ ఉందా చూడండి. ఉంటే డ్రైవర్ పట్టుకుంది. పరికరం పేరు ఉండి ఆ లైన్ లేకపోతే సమస్య రెండో అంతస్తులో ఉంది. యూఎస్‌బీ డాంగిల్ అయితే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’లో చూడాలి.

స్టెప్ 2: డ్రైవర్ ఉన్నా వైఫై ఆన్ కాకపోతే ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టండి. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎస్ అని ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’తో పోతుంది. ‘హార్డ్ బ్లాక్డ్’ ఎస్ అని ఉంటే కమాండ్‌తో పని జరగదు. ల్యాప్‌టాప్ పక్కన స్విచ్ గానీ, ఫంక్షన్ కీల్లో ఎయిరోప్లేన్ బొమ్మ గానీ ఉంటుంది, అది నొక్కాలి.

స్టెప్ 3: డ్రైవరే లేకపోతే డౌన్‌లోడ్ చేయాలి. డౌన్‌లోడ్‌కి ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్‌కి వైఫై కావాలి! దీనికి మందు మన జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో కనెక్ట్ చేసి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ కర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి వైర్డ్ కనెక్షన్‌లా వెంటనే పట్టుకుంటుంది. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే పనిచేయదు, చూసుకోండి.

స్టెప్ 4: ఇప్పుడు ‘అడిషనల్ డ్రైవర్స్’ ఓపెన్ చేయండి. మింట్‌లో దీని పేరు ‘డ్రైవర్ మేనేజర్’. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకి ఇక్కడే డ్రైవర్ చూపిస్తుంది. ఎంచుకుని అప్లై కొట్టి రీస్టార్ట్ చేయండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం స్క్రీన్ వస్తుంది. చాలామంది ఏదో ఎర్రర్ అనుకుని దాటేస్తారు. అది ఎర్రర్ కాదు. ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, కంటిన్యూ కొట్టి, ఆ పాస్‌వర్డ్ ఇస్తేనే ఇప్పుడు వేసిన డ్రైవర్‌ని సిస్టమ్ నమ్ముతుంది. దాటేస్తే డ్రైవర్ ఉంటుంది కానీ లోడ్ అవదు. దాటేసి ఉంటే ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ’ కొట్టి రీస్టార్ట్ చేయండి, ఆ నీలం స్క్రీన్ మళ్లీ వస్తుంది.

డ్యూయల్ బూట్ వాళ్లకి ఇంకో మాట. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు. వైఫై చిప్ సగం నిద్రలో ఉండిపోయి లైనక్స్‌లో లేవకపోవచ్చు. దాన్ని ఆఫ్ చేసి పెట్టుకోవడం మంచిది.

సౌండ్ రావట్లేదు

సౌండ్ సెట్టింగ్స్‌లో ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఒక్కటే కనిపిస్తోందా? అంటే సౌండ్ సర్వర్ నడుస్తోంది కానీ దానికి ఒక్క కార్డ్ కూడా దొరకలేదని అర్థం. పైన వాల్యూమ్ ఎంత పెంచినా ఉపయోగం లేదు.

ముందు ‘ఏప్లే -ఎల్’ కొట్టండి. దీని జవాబుని బట్టి దారి రెండుగా చీలుతుంది.

కార్డ్ లేదు అంటే సమస్య కర్నెల్ దగ్గర. ‘సుడో డీఎంఈఎస్‌జీ’ కొట్టి, అందులో ‘ఎస్ఎన్‌డీ’, ‘ఎస్ఓఎఫ్’ అని ఉన్న లైన్లు వెతకండి. కొత్త తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సౌండ్‌కి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, అంటే ఎస్ఓఎఫ్ కావాలి. లోపలుండే డిజిటల్ మైక్ కూడా దాని మీదే ఆధారపడుతుంది.

మా జూనియర్ ఒకడికి ఇదే జరిగింది. మర్నాడు పొద్దున్న ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. రాత్రి టెస్ట్ కాల్ చేస్తే మైక్ లేదు, స్పీకర్ లేదు. “అన్నా, రీఇన్‌స్టాల్ చేసేయనా?” అని ఫోన్ చేశాడు. ఆగమన్నాను. ‘ఏప్లే’లో కార్డ్ లేదు. లాగ్‌లో ఎస్ఓఎఫ్ ఫర్మ్‌వేర్ లోడ్ అవలేదని, పక్కన ఎర్రర్ -2 అని ఉంది. లైనక్స్‌లో -2 అంటే ‘ఆ ఫైల్ లేదు’ అని. అంటే చిప్ బాగానే ఉంది, డ్రైవర్ బాగానే ఉంది, ఫైలే లేదు. వాడు వేసుకున్నది డెబియన్ 11. ఆ వెర్షన్ మామూలు ఇన్‌స్టాలర్‌లో నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ రాదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచే దాన్ని కలిపి ఇస్తున్నారు. రిపాజిటరీ లిస్ట్‌లో ‘నాన్-ఫ్రీ’ చేర్చి, ‘ఫర్మ్‌వేర్-ఎస్ఓఎఫ్-సైన్డ్’ ప్యాకేజీ వేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే స్పీకర్, మైక్ రెండూ వచ్చాయి. మొత్తం అరగంట పని. అదే డెబియన్ 11ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటే, రాత్రంతా కూర్చున్నా అదే ఫైల్ లేని సిస్టమ్ వచ్చేది!

కార్డ్ ఉంది కానీ సౌండ్ లేదు అంటే ఈ మూడూ చూడండి.

ఒకటి, ‘ఆల్సామిక్సర్’ ఓపెన్ చేసి ఎఫ్6తో మీ కార్డ్ ఎంచుకోండి. ఏ ఛానెల్ కిందైనా ‘ఎంఎం’ అని ఉంటే అది మ్యూట్. ఎం కీ నొక్కితే తెరుచుకుంటుంది. హెడ్‌ఫోన్స్ తీసినా స్పీకర్ రాకపోతే ‘ఆటో-మ్యూట్’ డిజేబుల్ చేసి చూడండి.

రెండు, ‘పావుకంట్రోల్’ ఇన్‌స్టాల్ చేసి కాన్ఫిగరేషన్ ట్యాబ్ చూడండి. సౌండ్ స్పీకర్‌కి కాకుండా హెచ్‌డీఎంఐకి వెళ్తూ ఉండొచ్చు. మానిటర్‌కి కనెక్ట్ చేసి తీసేశాక ఇలా అవుతుంటుంది.

మూడు, సర్వీస్ రీస్టార్ట్: ‘సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్’. దీనికి సుడో పెట్టకూడదు. ఈ సర్వీసులు మీ యూజర్ కింద నడుస్తాయి, రూట్ కింద కాదు.

ఉబుంటు 22.10 నుంచి డిఫాల్ట్ సౌండ్ సర్వర్ పైప్‌వైర్. అంతకుముందు పల్స్ఆడియో. నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు పల్స్ఆడియో కాలం నాటివి. వాటిని పైప్‌వైర్ సిస్టమ్ మీద కాపీ పేస్ట్ చేస్తే ఉన్నది కూడా పాడవుతుంది. ఏ కమాండ్ అయినా కొట్టే ముందు అది ఏ వెర్షన్‌కి రాసిందో చూడండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ గురించి కూడా చెప్పుకోవాలి. పాటలు సూపర్‌గా వస్తాయి, కాల్ మొదలవగానే పాత ల్యాండ్‌లైన్ లాగా వినిపిస్తుంది. ఇది డ్రైవర్ లోపం కాదు. మామూలు బ్లూటూత్‌లో మంచి క్వాలిటీ ఇచ్చే ఏ2డీపీ ప్రొఫైల్‌లో మైక్ ఉండదు. మైక్ కావాలంటే హెచ్‌ఎఫ్‌పీకి మారాలి, అందులో క్వాలిటీ తక్కువ. కాల్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ మైక్‌ని, ఇయర్‌బడ్స్‌కి ఏ2డీపీని ఎంచుకోండి. సరిపోతుంది.

లాగిన్ తర్వాత నల్ల స్క్రీన్

పవర్ బటన్ నొక్కి పట్టుకోకండి. ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. టెక్స్ట్ లాగిన్ వచ్చిందంటే సిస్టమ్ బతికే ఉంది, పోయింది డెస్క్‌టాప్ మాత్రమే. మీ ఫైల్స్ అన్నీ క్షేమం.

లాగిన్ అయ్యి ‘డీఎఫ్ -హెచ్’ కొట్టండి. రూట్ పార్టిషన్ 100% నిండితే డెస్క్‌టాప్ తెరుచుకోక, లాగిన్ స్క్రీన్‌కే తిరిగి రావచ్చు. ‘సుడో ఏపీటీ క్లీన్’తో కొంత ఖాళీ చేసి చూడండి.

డిస్క్‌లో చోటు ఉండి, మీది ఎన్విడియా కార్డ్ అయితే మొదటి అనుమానం దాని డ్రైవర్ మీదే. టెక్స్ట్ లాగిన్ కూడా రాకపోతే బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ లేదా షిఫ్ట్ నొక్కి గ్రబ్ మెనూ తెప్పించండి. అప్‌డేట్ తర్వాత వచ్చిన సమస్య అయితే ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కర్నెల్‌తో బూట్ చేయండి. అదీ కుదరకపోతే ఈ కీ నొక్కి, ‘లైనక్స్’ అని మొదలయ్యే లైన్ చివర ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, శాశ్వతంగా ఏమీ మారదు. డెస్క్‌టాప్ వచ్చాక ‘సుడో ఏపీటీ పర్జ్ '^ఎన్విడియా-.*'’తో పాత డ్రైవర్ తీసేసి, ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’తో మీ కార్డ్‌కి తగ్గది వేసుకోండి.

స్క్రీన్ వస్తోంది కానీ మెరుస్తోంది, స్క్రీన్ షేర్ అవట్లేదు అంటే లాగిన్ స్క్రీన్‌లో గేర్ బొమ్మ నొక్కి ‘ఉబుంటు ఆన్ గ్జార్గ్’ ఎంచుకుని చూడండి. అందులో బాగుంటే సమస్య వేలాండ్ సెషన్‌లో ఉందని తేలిపోతుంది.

ఈ నాలుగు అలవాట్లు చేసుకోండి

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఐదు మార్చాక బాగైతే ఏది పనిచేసిందో తెలియదు, పాడైతే ఏది తిప్పాలో తెలియదు.

ఏపీటీ వై/ఎన్ అని అడిగినప్పుడు తొలగించబోయే ప్యాకేజీల లిస్ట్ చదవండి. అందులో ‘ఉబుంటు-డెస్క్‌టాప్’ కనిపిస్తే ఎన్ కొట్టి ఆగండి.

సిస్టమ్ బాగున్న రోజే టైమ్‌షిఫ్ట్‌తో ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. అది సిస్టమ్ ఫైల్స్‌కి మాత్రమే. మీ ప్రాజెక్ట్, ఫొటోలు వేరే డ్రైవ్‌లో కాపీ ఉండాల్సిందే.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు ‘సౌండ్ రావట్లేదు’ అని వదిలేయకండి. ల్యాప్‌టాప్ మోడల్, లైనక్స్ వెర్షన్, ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’ ఫలితం, ‘జర్నల్‌సీటీఎల్ -బి -పి ఈఆర్ఆర్’ ఇచ్చిన ఎర్రర్లు, చివరిగా మీరు మార్చింది ఏంటి, ఈ ఐదూ పంపండి. అవి రాస్తూ ఉండగానే సగం సార్లు జవాబు మీకే దొరుకుతుంది.