మూగ ఎద

చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్త, ఒక కోడలు. వాళ్ళ ఇంటికి గేదే ఆధారం. పొద్దున్నే పాలు కేంద్రానికి పోస్తారు. ఆ డబ్బుతోనే ఉప్పూ పప్పూ కొంటారు. పిల్లల పుస్తకాలు కూడా ఆ డబ్బుతోనే.

గేదె జూన్‌లో ఈనింది. డిసెంబరు నెలాఖరు వచ్చేసింది. పాలు రోజురోజుకూ తగ్గుతున్నాయి. గేదె మళ్ళీ చూడి కట్టలేదు.

“ఈని ఆరు నెలలైంది. ఒక్కసారైనా అరిచిందా? ఇది గొడ్డు గేదె. పండగ ముందే సంతకు తోలేస్తాను” అన్నాడు కొడుకు.

“గొడ్డుదంటే సగం ధరైనా వస్తాదేటి? మళ్ళీ గేదెను కొనడానికి డబ్బులేవి?” అంది అత్త.

కోడలు ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చింది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. అప్పటినుంచి ఏ రోజు ఎన్ని పాలు పోసిందీ అందులో రాస్తోంది. పక్కన ఒకటి రెండు మాటలు కూడా రాస్తోంది.

“డిసెంబరు 3. పాలు తగ్గాయి. మేత సరిగా తినలేదు.”

“డిసెంబరు 24. పాలు తగ్గాయి. మాటిమాటికీ మూత్రం పోసింది.”

కోడలు వేళ్ళ మీద లెక్కపెట్టింది. 3 నుంచి 24 వరకు 21 రోజులు.

“అత్తా! ఇందులో ఏదో ఉంది. డాక్టరమ్మకు చూపిద్దాం” అంది.

మర్నాడే అత్తా కోడలూ గేదెను తోలుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళారు.

కనబడని ఎద

డాక్టరమ్మ గేదెను పరీక్ష చేసింది. పుస్తకం కూడా చదివింది. నవ్వింది.

“పెద్దమ్మా, మీ గేదె గొడ్డుది కాదు. గర్భసంచి బాగుంది. దీనిది మూగ ఎద” అంది.

“అంటే ఏటమ్మా?” అని అడిగింది అత్త.

డాక్టరమ్మ ఇలా చెప్పింది.

చూడి కట్టని గేదె సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఎద ఒక పూట నుంచి ఒక రోజు వరకు ఉంటుంది. ఆవు ఎదకు వస్తే అరుస్తుంది. వేరే పశువుల మీదకు ఎక్కుతుంది. గేదెల్లో చాలా వాటికి ఈ గుర్తులు పైకి కనబడవు. లోపల ఎద వస్తుంది. పైకి తెలియదు. దీన్నే మూగ ఎద అంటారు. ఎండాకాలంలో ఇది ఇంకా ఎక్కువ.

ఒక ఎద తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. అన్నాళ్ళూ మేతా, చిట్టూ, దాణా దండగే. అలా మూడు నాలుగు ఎదలు తప్పితే గేదెకు గొడ్డు అని పేరు పెడతారు. సంతకు తోలేస్తారు. తప్పు గేదెది కాదు. దాని మాట మనకు వినబడలేదు, అంతే.

చొంగలో ఉన్న కబురు

“మరి ఆ మాట వినే దారి లేదా?” అని కోడలు అడిగింది.

దారి వెతికిన వాళ్ళు ఉన్నారు. హర్యానా రాష్ట్రంలో కర్నాల్ అనే ఊరు ఉంది. అక్కడ జాతీయ పాడి పరిశోధన సంస్థ ఉంది. ఇది 1923లో బెంగుళూరులో మొదలైంది. 1955లో కర్నాల్‌కు మారింది. అక్కడి శాస్త్రవేత్తలు ఒంటేరు సునీల్ కుమార్, ధీర్ సింగ్, వాళ్ళ తోటివాళ్ళు గేదె చొంగను పరీక్షించారు. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

చొంగలో ఏముంటుంది? అది తెలియాలంటే ముందు ఒక సంగతి తెలియాలి.

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు ఒళ్ళు కణాలతో కట్టి ఉంటుంది. కణాలు కంటికి కనబడనంత చిన్నవి. కణం లోపల జన్యువులు ఉంటాయి. ఒంట్లో ఏ పని ఎలా జరగాలో జన్యువుల్లో రాసి ఉంటుంది.

మండలాఫీసులో భూమి రికార్డు ఉంటుంది కదా. అసలు రికార్డు ఆఫీసు దాటదు. మనకు పని పడితే నకలు ఇస్తారు. కణంలో కూడా అంతే. అసలు జన్యువు లోపలే ఉంటుంది. పని పడినప్పుడు దాని నకలు తయారవుతుంది. ఆ నకలు పేరు ఆర్‌ఎన్‌ఏ.

పొదుగులోనూ, చర్మంలోనూ ఉండే జన్యువులు ఒక్కటే. పొదుగులో పాలకు సంబంధించిన నకళ్ళు ఎక్కువగా తయారవుతాయి. చర్మానికి ఆ పని లేదు. కాబట్టి ఏ నకళ్ళు ఎక్కువగా ఉన్నాయో చూస్తే ఒంట్లో ఏ పని జరుగుతోందో తెలుస్తుంది.

కర్నాల్ శాస్త్రవేత్తలు ఎద రోజున గేదె చొంగ తీశారు. ఎద లేని రోజుల్లో కూడా తీశారు. రెండిటినీ పోల్చారు. కొన్ని జన్యువుల నకళ్ళు ఎద రోజున ఎక్కువగా కనబడ్డాయి. గేదె అరవకపోయినా చొంగ కబురు చెప్పింది! ఇలాంటి కబురునే శాస్త్రవేత్తలు జీవ సూచిక అంటారు. సూచిక అంటే గుర్తు.

వాళ్ళు ఇంకో సంగతి కూడా చూశారు. చొంగ చుక్కను గాజు పలక మీద ఆరనిచ్చారు. దాన్ని సూక్ష్మదర్శినిలో చూశారు. ఎద సమయంలో తీసిన చొంగలో ఈత మట్టల్లాంటి గీతలు కనబడ్డాయి.

“అయితే మా గేదె చొంగ కూడా చూడమ్మా” అంది అత్త.

“నకళ్ళు లెక్కపెట్టడానికి పెద్ద యంత్రాలు కావాలి పెద్దమ్మా. నకళ్ళు త్వరగా పాడైపోతాయి కూడా. సాల దగ్గర ఆ పని కుదరదు. కానీ ఒక మాట విను. ఏ చొంగ ఏ రోజుదో రాసుకోకపోతే శాస్త్రవేత్తలకు కూడా ఏమీ తేలదు. తేదీ రాయడం, పోల్చి చూడడం, వాళ్ళ పనికి అదే మొదలు. నీ కోడలు చేసిందీ అదే” అంది డాక్టరమ్మ.

అత్త కోడలి వైపు చూసింది. పుస్తకం వైపు చూసింది.

పండగ పూట

డిసెంబరు 24 తర్వాత 21 రోజులు లెక్కపెడితే జనవరి 14. సంక్రాంతి రోజులు. ముగ్గులు, పిండివంటలు, చుట్టాలు. ఆ హడావిడిలో గేదెను ఎవరు చూస్తారు?

“రెండు రోజులు ముందు నుంచే చూడండి. తెల్లవారకముందు, చీకటి పడ్డాక చూడండి” అని డాక్టరమ్మ చెప్పింది.

కొడుకు సంత మాట వాయిదా వేశాడు. అత్తా కోడలూ వంతులు వేసుకున్నారు.

జనవరి 14. తెల్లవారుజామున అత్త సాలలోకి వెళ్ళింది. లాంతరు ఎత్తి చూసింది. పడుకున్న గేదె వెనక నేల మీద తీగ ఉంది. కోడిగుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా ఉంది.

“ఓలమ్మ! బేగి రాయే!” అని కోడలిని పిలిచింది.

పొద్దున్న ఎద కనబడితే సాయంత్రం సూది వేయించాలి. సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున్న వేయించాలి. ఆ సాయంత్రమే సూది వేయించారు. కోడలు తేదీ రాసింది.

ఫిబ్రవరి 4న మళ్ళీ చూశారు. ఎద రాలేదు. అయినా డాక్టరమ్మ తొందరపడవద్దంది. మూడు నెలలు నిండాక చెయ్యి పెట్టి పరీక్ష చేసింది.

“చూడి కట్టింది” అంది.

గేదె సుమారు 310 రోజులు మోస్తుంది. కోడలు లెక్క కట్టి పుస్తకంలో రాసింది: “నవంబరు 20 ప్రాంతంలో ఈనుతుంది.”

ఆ మాట చదవమని అత్త రెండుసార్లు అడిగింది. మూడోసారి పుస్తకం తన చేతిలోకి తీసుకుంది.

“ఇందులో ‘గేదె’ అని ఎక్కడుందే? నాకూ చూపించు” అంది.

గుర్తుంచుకోండి

1. ఎద గుర్తులు: పాలు తగ్గడం, మేత తినకపోవడం, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, తీగ వేయడం, మానం వాచడం. అన్నీ ఒకేసారి కనబడకపోవచ్చు.

2. తీగ స్వచ్ఛంగా ఉండాలి. చీములా ఉంటే సూది వేయించకండి. ముందు వైద్యం చేయించండి.

3. ఎద రాకపోవడం వేరు. వచ్చినా కనబడకపోవడం వేరు. ఏదైనదీ డాక్టరు చూసి చెప్పాలి. చూపించకుండా గేదెను అమ్మకండి.

4. చాలినంత మేత లేకపోయినా, కడుపులో పురుగులున్నా ఎద ఆలస్యమవుతుంది.

5. ఈనిన తేదీ, ఎద తేదీ, సూది తేదీ, ఈ మూడూ రాసుకోండి.

కొత్త మాటలు

కణం: ఒంటిని కట్టిన చిన్న ఇటుక లాంటిది.

జన్యువు: ఒంట్లో పని ఎలా జరగాలో రాసి ఉన్న రికార్డు.

జీవ సూచిక: ఒంట్లో జరిగే పనిని తెలిపే గుర్తు.

ఆలోచించండి, రాయండి

1. మార్చి 2న గేదె ఎదకు వచ్చింది. సూది వేయించలేదు. మళ్ళీ ఏ తేదీ దగ్గర చూడాలి?

2. కోడలు పుస్తకంలో రాయకపోతే ఆ గేదె ఏమయ్యేది?

3. మీ ఇంటి గేదె ఎప్పుడు ఈనింది? తేదీ రాయండి.