అటక ఉగాదికి దులుపుకోవచ్చు

బడికి సంక్రాంతి సెలవులు ఇచ్చిన రోజుకీ భోగికీ మధ్య నాలుగైదు రోజులు ఉంటాయి. పండగ పనంతా వాటి మీదే పడుతుంది. బూజులు దులపాలి, అటక మీది ఇత్తడి సామాను దించి చింతపండు పెట్టి తోమాలి, దుప్పట్లు ఉతకాలి, గోడలకి సున్నమో రంగో వేయించాలి, అరిసెలకి బియ్యం నానబోయాలి, జాకెట్లు ఇంకా ఇవ్వని టైలరు చుట్టూ తిరగాలి. సరిగ్గా అప్పుడే పిల్లలు పుస్తకాల సంచీ ఓ మూల పడేసి ఇంట్లో ఉంటారు. గ్లాసులు పగలడం, పాలు పొంగిపోవడం, ఆవకాయ జాడీ జారిపడటం అన్నీ ఆ వారంలోనే.

పిల్లలు ఆ వారం కొత్తగా అల్లరి నేర్చుకోరు. రోజూ ఉండే చోట వస్తువులు ఉండవు, రోజూ ఉండే ఓపిక మనకి ఉండదు. నడవలో నిచ్చెన, వరండాలో రంగు డబ్బాలు, వంటింట్లో కింద పెట్టిన పొయ్యి, వాటి మధ్య పరిగెత్తే నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో జరిగే చాలా ప్రమాదాలకి పిల్లల అల్లరి కంటే పెద్దవాళ్ల తొందరే మూలమని నా నమ్మకం. కాబట్టి జాగ్రత్తల్లో మొట్టమొదటిది కొన్ని పనులు మానేయడం.

అరిసెల సంగతే చూడండి. దంచిన పిండి తడి ఆరకముందే పాకం పట్టాలి. బెల్లం కరిగి, నురగ కట్టి, పళ్లెంలో నీళ్లు పోసి అందులో ఒక చుక్క వేస్తే వేళ్ల మధ్య ఉండ కట్టేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలడానికి లేదు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే అరిసె గట్టిపడనైనా పడుతుంది, నూనెలో విడిపోనైనా పోతుంది. ఆ నిమిషంలోనే పిల్లవాడు "అమ్మా, ఇటు చూడు" అంటూ వచ్చి కొంగు పట్టుకుంటాడు. ఒక పొయ్యి మీద మరుగుతున్న పాకం, పక్కదాని మీద కాగుతున్న నూనె. వేడినీళ్లు పడితే ఒంటి మీంచి జారిపోతాయి. పాకం అలా కాదు, చర్మానికి అంటుకుని అక్కడే ఉండి కాలుస్తుంది. అందుకని అరిసెల పూట ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉండి తీరాలి, ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు పూర్తిగా పిల్లల దగ్గర. ఆ రెండో మనిషి నాన్న అయితే మరీ మంచిది. ఇద్దరు దొరక్కపోతే అరిసెలు మిఠాయి కొట్లో కొనుక్కోండి. అందులో తలవంపులేమీ లేవు.

ఒకవేళ కాలితే వెంటనే కుళాయి కింద పెట్టండి. మామూలు చల్లటి నీళ్లు, 20 నిమిషాల పాటు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. చర్మానికి అంటుకున్న పాకాన్ని గానీ బట్టని గానీ పీకవద్దు, వాటి మీదే నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, సిరా, పిండి, వెన్న, ఐసు ఏవీ పెట్టవద్దు. ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమకొద్దీ సిరా సీసా పట్టుకొస్తారు. వాళ్లని నొప్పించకుండానే గట్టిగా ఆపండి. తర్వాత శుభ్రమైన మెత్తటి బట్ట వదులుగా కప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముఖమో చెయ్యో కీళ్ల దగ్గరో కాలినా, కాలిన మేర పిల్లవాడి అరచేతి కంటే పెద్దదైనా 108కి ఫోన్ చేయడానికి వెనకాడవద్దు.

రంగులు వేయించే ఇంట్లో ఇంకో గండం ఉంది. మిగిలిన థిన్నరు, కిరసనాయిలు, ఫినాయిలు ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెడతాం. పిల్లవాడికి అది కూల్‌డ్రింకే. ఏ సీసాలో కొన్నది ఆ సీసాలోనే, అందనంత ఎత్తులో ఉంచండి. తాగాడని తెలిస్తే గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ప్రమాదం. సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. కంట్లో సున్నం పడినా అంతే, ముందు ధారగా నీళ్లు పోసి బాగా కడగడం, ఆ తర్వాత ఆసుపత్రి.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది, ఏదైనా పగిలిన క్షణంలో మన నోట్లోంచి వచ్చే మొదటి మాట. గాజు జాడీ బద్దలవుతుంది. నూనె, కారం, పెంకులు గచ్చు నిండా. నడుమ ఉత్తకాళ్లతో బిక్కచచ్చి నిలబడ్డ పిల్ల. అప్పుడు "కదలకు, అక్కడే ఉండు, నేనొస్తున్నా" అనాలి. చెప్పులేసుకుని వెళ్లి, పిల్లని ఎత్తి అవతల దింపి, అరికాళ్లు చూడాలి. పెద్ద పెంకులు ఏరాక తడిపిన పేపరుతో నేలంతా అద్దితే కంటికి కనిపించని ముక్కలు దానికి అంటుకుని వస్తాయి. "నీ కళ్లు ఎక్కడ పెట్టుకున్నావే" అన్న మాటకి ఈ మొత్తంలో చోటు లేదు. జాడీ పోయిందని బాధ ఉంటుంది, ఉండనీయండి, అది కాసేపే. తిట్టు తిన్న పిల్ల మాత్రం మరుసటిసారి దాస్తుంది. కాలిన వేలిని గౌను జేబులో దాస్తుంది. మింగిన బటన్ బ్యాటరీ సంగతి చెప్పదు. బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల పుండు పడొచ్చు. భయపడి దాచిన గంట ప్రాణం మీదికి తెస్తుంది. ఏం జరిగినా ముందు అమ్మానాన్నలకే చెప్పుకోవచ్చన్న ధైర్యాన్ని మించిన రక్షణ పిల్లలకి ఇంకేదీ లేదు.

ఇక అటక. సామాను దించేటప్పుడు ఎక్కడో అడుగున పాత చందమామలు బయటపడతాయి. 1947 జూలైలో మొదలైన పత్రిక, అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. బైండు చేయించిన సంపుటాలు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. దుమ్ము దులిపి అందించమని పిల్లవాడికి ఇస్తే వాడు నిచ్చెన పక్కనే చతికిలబడి, శంకర్ బొమ్మలో విక్రమార్కుడి భుజం మీద వేలాడే శవాన్ని చూస్తూ ఉండిపోతాడు. పని ఆగిపోతుంది. ఆగిపోనీయండి. వాడి చేతిలోంచి పుస్తకం లాక్కుని గుడ్డముక్క పెట్టవద్దు. అటక ఉగాదికి దులుపుకోవచ్చు.

"పో, పోయి పుస్తకం చదువుకో" అని విసుక్కునే మాట మన ఇళ్లలో బాగా అలవాటు. ఆ గొంతుతో చెబితే చదవడం శిక్ష అవుతుంది. పుస్తకం వాళ్ల చేతికి అందేచోట పడి ఉండాలి, అంతే. సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కథలు' పడుకుని చదువుతారు, తింటూ చదువుతారు, నచ్చిన కథే నాలుగుసార్లు చదువుతారు. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' మధ్యలో తెరిచి బాపు బొమ్మలు మాత్రమే చూస్తారు. చూడనీయండి. ఇందులో నీతి ఏమిటి, ఎన్ని పేజీలయ్యాయి అని అడగవద్దు. అడిగే చదువు ఏడాది పొడుగునా బడిలో ఉంది. హాలిడే హోంవర్కు కూడా భోగి ముందు అయిపోవాలని పట్టుపట్టకండి, రోజుకో అరగంట చాలు.

అంటే పిల్లలకి పనులు చెప్పవద్దని కాదు. నువ్వులు ఏరడం, ఉతికిన దిండుగలీబులు తొడగడం, గొబ్బెమ్మలకి బంతిపూలు కోసి తేవడం ఆరేళ్ల పిల్లలూ చేస్తారు. సగం చేసి వదిలేస్తారు కూడా. ఆ మిగతా సగం మీరు పూర్తి చేయండి గానీ, వాళ్లు చేసిన సగాన్ని వాళ్ల ముందే విప్పి మళ్లీ చేయకండి. తొడిగిన గలీబు వంకరగా ఉంటే ఉంది.

తెలుగు చదవడం సరిగా రాని పిల్లలు ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ఉన్నారు. ఇంగ్లీషు మీడియం వాళ్లే కాదు, బెంగళూరు నుంచో డల్లాస్ నుంచో పండక్కి వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లని అక్షరాల దగ్గర కూర్చోబెట్టడానికి ఈ వారం తగినది కాదు. చదివి వినిపించండి. అర్థం కాని మాట వస్తే ఆపి వివరించనక్కర్లేదు, కథ నడుస్తుంటే అదే తెలుస్తుంది. అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఆ పని వాళ్లకి అప్పగించండి. అరిసెల పూట పిల్లల్ని పొయ్యికి దూరంగా కూర్చోబెట్టే ఉపాయం కూడా అదే. మంచి పట్టులో ఉండగా కథ ఆపి, మిగతాది రేపని చెప్పండి. మర్నాడు పొద్దున్నే వాళ్లే పుస్తకం పట్టుకుని వస్తారు.